రెండు మిణుకులు

దేవుణ్ణి పిలిస్తే పలుకుతాడని అందరూ అంటారు. సరే, పలుకుతాడు. పలికితే మనకి వినబడుతుందా?

ఈ అనుమానం అట్టల మాస్టారి లోపల ఇరవై ఏళ్ళుగా కాపురం ఉంటోంది. విషజ్వరం వచ్చి, పోతూ పోతూ ఆయన భార్య రెండు చెవులూ పట్టుకుపోయిన నాటి నుంచి. ఆయన చదువు చెప్పే మాస్టారు కాదు. పుస్తకాలకి అట్టలు వేస్తారు కాబట్టి వీధివాళ్ళు పెట్టిన పేరది. పొద్దున్నే దేవుడి గూట్లో దీపం వెలిగించి, చెప్పుకోవలసినవన్నీ చెప్పుకుని, ఆ తర్వాత కాసేపు ఊరికే నిలబడతారు. అటునుంచి ఏదైనా వస్తుందేమోనని. రాదు. మర్నాడు మళ్ళీ నిలబడతారు.

ఈ బుధవారం మాత్రం అలా నిలబడే తీరిక దొరకలేదు. అగ్గిపుల్ల ఇంకా చేతిలో ఉండగానే ముందుగదిలోంచి కేక వినబడింది.

"నాన్నా, నిచ్చెన వచ్చాడు. ఈ గోల ఇవాళ తేలిపోవాలి. నేను సగం పూట సెలవు పెట్టింది ఇందుకే."

పెద్దమ్మాయి గొంతు. రక్తపరీక్షల ల్యాబులో పనిచేసే పిల్ల. సూది గుచ్చేముందు 'నొప్పుండదు' అని అబద్ధం చెప్పడం చేతకాదు, ఇంట్లోనూ అంతే.

మాస్టారు ముందుగదిలోకి వచ్చేసరికి భార్య కుట్టు మిషను ముందే కూర్చుని ఉంది. వీధికి ఆమె టైలరమ్మ. కుడి మణికట్టుకి తెల్లటి సిమెంటు కట్టు. శనివారం పడింది ఆ చెయ్యి మీదే. మిషను మీద ఎవరిదో జాకెట్టు సగం కుట్టు దగ్గర ఆగిపోయి, నాలుగు రోజులుగా అలాగే సూది కింద ఉంది.

నిచ్చెన గుమ్మంలో తల వంచుతున్నాడు. మాస్టారి కొడుకు చిన్నోడి స్నేహితుడు, వాడితో కలిసి వైరింగు పనులు చేసినవాడు. పైకప్పు పని చేయడానికి వేరే నిచ్చెన అక్కర్లేదని టైలరమ్మే అతనికి ఆ పేరు పెట్టింది.

"తల జాగ్రత్తరా" అంది ఆమె. తన గొంతు తనకి వినబడదు కాబట్టి ఆ మాట వీధి చివరిదాకా వెళ్ళింది.

"మీ గుమ్మం నాకు వినయం నేర్పింది పిన్నీ" అన్నాడు నిచ్చెన, మొహం ఆమె వైపు తిప్పి, పెదవులు కనబడేలా. "చెయ్యెలా ఉంది?"

"చెయ్యి బానే ఉంది. దానికే పనీ లేదు."

నవ్వబోయి మానేశాడు. చిన్న పీట లాక్కుని, మోకాళ్ళు చెవులదాకా వచ్చేలా కూర్చుని, సంచిలోంచి లాప్‌టాప్ తీశాడు.

ఆ ఇంట్లో తలుపు తట్టి లాభం లేదు. గదిలో ఉన్న మనిషికి వినబడదు. అందుకే చిన్నోడు దీపాలకి మాటలు నేర్పాడు. అలమర మీద అరచేతంత పెట్టె ఒకటి ఉంది. ఇంట్లోవాళ్ళ ఫోన్లు గేటు దాటి లోపలికి రాగానే, వైఫై తగిలి, అది గుర్తుపడుతుంది. వచ్చిందెవరో అన్ని గదుల దీపాలకీ చెబుతుంది. తండ్రి వస్తే ఒకటే పొడుగు వెలుగు. అక్క వస్తే మూడు మిణుకులు. తను వస్తే రెండు.

"నాకెందుకురా మూడు?" అని అక్క అప్పట్లో అడిగింది.

"నువ్వొస్తున్నావంటే కాస్త ముందే హెచ్చరిక కావాలి కదక్కా!"

వాడు ఇల్లు విడిచి మూడేళ్ళు దాటింది. రెండు మిణుకులు అలా మూలపడి ఉన్నాయి. నాలుగు నెలల కిందట కొత్త వాషింగ్ మిషను కొన్నారు. అది ఆగిపోయిన సంగతి తల్లికి తెలియక తడిబట్టలు లోపలే ముక్కిపోతుంటే, పెద్దమ్మాయి ఫోన్లో తంటాలు పడి దాన్నీ పెట్టెకి కలిపింది. ఉతకడం అయిపోతే ఏ గుర్తు ఇవ్వాలని ఫోను అడిగితే, ఖాళీగా ఉంది కదా అని ఆ రెండు మిణుకులే ఇచ్చింది.

మొదటి రోజు దీపం రెండుసార్లు మిణుకుమనగానే తల్లి కత్తెర జారవిడిచి, మెడలో టేపుతోనే పరుగెత్తి తలుపు తీసింది. బయట ఎండ తప్ప ఎవరూ లేరు.

"అయ్యో అమ్మా, మిషనమ్మా! మారుస్తాలే" అంది కూతురు.

"ఉండనీ" అంది తల్లి. "ఆ దీపం అలా వెలిగి ఎన్నాళ్ళయిందో."

ఉండనిచ్చారు. ఆ తర్వాత ఆమె పరుగెత్తడం మానేసింది. మొన్న శనివారం మాత్రం, ఏమనుకుందో ఏమో, మళ్ళీ పరుగెత్తింది. కడిగిన మెట్టు మీద జారింది. లోపల మిషను బట్టలు పిండేసి చల్లగా ఆగి ఉంది.

"ఇదిగో, వరసంతా వచ్చింది" అన్నాడు నిచ్చెన. తెర మీద చిన్నోడు పెట్టిన పేర్లు ఒకదాని కింద ఒకటి కనబడ్డాయి. అమ్మ కత్తెర దీపం. నాన్న పడక్కుర్చీ దీపం. మెట్ల దొంగ. అక్క గోల.

"నా ఫోనుకి 'అక్క గోల' అని పెట్టాడా!" అంది పెద్దమ్మాయి. వెంటనే తల్లికి వీపు తిప్పి గొంతు తగ్గించింది. "సరే. కింద ఉంది చూడు, చిన్నోడు అని. అది తీసెయ్."

"మిషనుకి వేరే గుర్తు పెడితే సరిపోతుంది కదక్కా."

"సరిపోదు. ఆ పేరు అందులో ఉన్నన్నాళ్ళూ ఏ దీపం మిణుకుమన్నా అమ్మ లేస్తుంది. బల్బు పాడై మిణుకుమన్నా లేస్తుంది. ఇవాళ చెయ్యి, రేపు తుంటి. మిషనుకి ఆ రెండూ పెట్టింది నేను. అమ్మ చెయ్యి విరగ్గొట్టింది నేను. నాకు తెలుసు. అందుకే తీసెయ్యమంటున్నా."

"నెమ్మదిగా" అన్నారు మాస్టారు.

"ఏం నెమ్మది నాన్నా? మూడేళ్ళు నెమ్మదిగానే ఉన్నాం. గడప తొక్కొద్దని మీరన్నారు. వాడు తొక్కలేదు. ఆ ఒక్క విషయంలోనే వాడు మీ మాట విన్నాడు."

మాస్టారు గూటి వైపు చూశారు. మూడేళ్ళ కిందట ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి ఆయన పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. మంచం మీద ఒకటే కలవరింత, గూట్లో దీపం ఎవరు పెడుతున్నారని. ఇంటికొచ్చి చూస్తే గూట్లో చిన్న కరెంటు బల్బు. పొద్దున ఐదున్నరకి దానంతట అదే వెలుగుతోంది. "ఒక్కరోజు కూడా ఆరలేదు నాన్నా" అన్నాడు కొడుకు, మెచ్చుకుంటారనుకుని. "నా బదులు నీ పెట్టె దణ్ణం పెడుతుందట్రా?" అని ఆయన తీగలు పీకేశారు. అక్కడితో ఆగితే పోయేది. ఆగలేదు. దేవుడి ముందు నిలబడే ఆ మిగతా మాటలన్నీ అన్నారు.

"మొహాలు ఇటు తిప్పి పోట్లాడుకోండి" అంది టైలరమ్మ. "నా చెయ్యి గురించేగా. నాకూ వాటా ఉంది అందులో."

ముగ్గురూ తిరిగారు. ఆ ఇంటి నియమం అది. ఆమె ముందు వీపు తిప్పి మాట్లాడకూడదు. నియమం పెట్టినవాడు చిన్నోడే.

"ఏం లేదమ్మా" అంది కూతురు, మాటలు విడివిడిగా పలుకుతూ. "తమ్ముడి పేరు పెట్టెలోంచి తీయిస్తున్నా. నీ మంచికే."

తల్లి ఎడమచేత్తో సగం కుట్టిన జాకెట్టు అంచుని సవరించింది. తర్వాత మొగుడి మొహంలోకి చూసింది, అక్కడేదో చదవడానికి ఉన్నట్టు.

నిచ్చెన కీలు నొక్కుతూ, "తీసేముందు చిట్టా ఒకసారి చూడాలి" అన్నాడు. "ఎవరు ఎప్పుడొచ్చారో, ఎప్పుడెళ్ళారో ఇది రాసిపెట్టుకుంటుంది బాబాయ్. పేరు తీసేస్తే రాసినదీ పోతుంది."

మాస్టారు అలమర వైపు చూశారు. పైనొకాయన అన్నీ రాసుకుంటాడని నమ్మే మనిషే ఆయన. అలమర మీద పెట్టె కూడా రాసుకుంటుందని తెలియదు.

నిచ్చెన వేలు ఆగింది. తెర మీదికి వంగాడు. ఒక్కో వరసా చదివాడు. తలెత్తి మాస్టారిని చూశాడు. లాప్‌టాప్‌ని కొంచెం, కొంచెమే, పెద్దమ్మాయికి కనబడకుండా పక్కకి తిప్పాడు.

"ఏంటి, తీసెయ్యమంటే చిత్రపటం చూసినట్టు చూస్తావు?" అంది ఆమె.

"తీసెయ్యాలా వద్దా అని అడుగుతోందక్కా."

"అవునను."

"పెట్టినవాడు నా స్నేహితుడు. తీసెయ్యమని ఇంటిపెద్ద చెప్పాలి." అతను మాస్టారి వైపే చూస్తున్నాడు. "చెప్పండి బాబాయ్. నొక్కెయ్యమంటారా?"

ఊఁ అంటే చాలు. పేరూ పోతుంది, చిట్టా పోతుంది. ఈ కుర్రవాడు నోరు విప్పడు, ఆ సంగతి కళ్ళలోనే ఉంది. ఊఁ అనడానికి పెదవులు కూడా కదపనక్కర్లేదు.

గురువారాలు బైండింగు షాపుకి సెలవు. మధ్యాహ్నాలు ఆయన పడక్కుర్చీలో ఉంటారు, ఆమె మిషను ముందు. మూడున్నరకి దీపం రెండుసార్లు మిణుకుమనేది. ఆమె కాలు ఆపి, "ఏమిటండీ అది?" అనేది. "మిషనే" అనేవారు ఆయన, కళ్ళు తెరవకుండానే. ఏ వారం ఏ రోజు ఉతుకుతారో ఆ ఇంట్లో మగవాళ్ళకి ఎప్పుడు తెలిసింది గనక? అలా ఆరు గురువారాలు.

ఏడో గురువారం ఆయన మంచినీళ్ళకి లేచి ఉన్నారు. దీపం మిణుకుమంది. వాషింగ్ మిషను మూత తెరిచే ఉంది, లోపల పొడిగా ఉంది. ముందు తలుపుకున్న గరుకు అద్దంలో ఒక నీడ. ఎడమ భుజం కొద్దిగా కిందికి జారిన నీడ. ఆ భుజానికి సంచి తగిలించి ఆయనే వాణ్ణి బడికి పంపిన రోజులున్నాయి. నీడ చెయ్యెత్తింది. ఆయన చెయ్యి గడియ మీదికి వెళ్ళింది.

ముందు వాడు తట్టనీ అనుకున్నారు. తడితే తీద్దాం అనుకున్నారు.

వాడు తట్టలేదు. కాసేపటికి అద్దం ఖాళీ అయింది. లోపల్నుంచి ఆమె అడిగింది, "ఏమిటండీ అది?"

"మిషనే" అన్నారు మాస్టారు.

ఇప్పుడు అదే గదిలో అదే మనిషి ఆయన పెదవుల వైపు చూస్తోంది.

"వద్దు" అన్నారాయన. "తియ్యకు."

"నాన్నా!"

"వాడొచ్చాడు." ఆయన ఆ మాట కూతురికి చెప్పలేదు. భార్య ఎదురుగా వెళ్ళి, మిషను బల్ల పట్టుకుని, ఒక్కో మాటా ఆమె చదువుకునేలా అన్నారు. "చిన్నోడు. వచ్చాడు. నేను చూశాను. తలుపు తీయలేదు. నీకు మిషనని చెప్పాను."

పెద్దమ్మాయి లాప్‌టాప్ లాక్కుంది. పైకి చదవడం మొదలుపెట్టింది. "గురువారం మూడూ ముప్పై రెండు, వచ్చాడు. మూడూ నలభై ఒకటి, వెళ్ళాడు. మళ్ళీ గురువారం... మళ్ళీ..." వేలితో కిందిదాకా లెక్కపెట్టింది. "ఏడుసార్లు నాన్నా! ఏడుసార్లు వాడు మన గుమ్మం ముందు తొమ్మిదేసి నిమిషాలు నిలబడ్డాడు! ఆఖరిసారి వచ్చి ఐదు వారాలు. మళ్ళీ రాలేదు!"

"వాడికి ఫోన్ చెయ్యరా" అన్నారు మాస్టారు నిచ్చెనతో. "నీకు చెప్పి ఉంటాడు, ఎక్కడున్నాడో."

నిచ్చెన తల అడ్డంగా ఊపాడు. "నంబరు మార్చి రెండేళ్ళు బాబాయ్. నాతోనూ మాటల్లేవు. ఈ చిట్టాలో ఉన్నది వాడి పాత ఫోను. దీంట్లో నంబరు లేదు, మాట్లాడటానికి పనికిరాదు. ఈ ఇంటి వైఫై ఒక్కటే తగులుతుంది దీనికి." గుమ్మం వైపు చూశాడు. "అది జేబులో వేసుకుని రావడమే... వాడు తలుపు తట్టడం బాబాయ్. ఈ ఇంట్లో తలుపు ఇంకెలా తడతారు?"

గూట్లో దీపం వెలగకుండానే ఉంది. అగ్గిపెట్టె మాస్టారి గుప్పిట్లో నలిగిపోయింది. ఇరవై ఏళ్ళుగా అటునుంచి పలుకు కోసం చెవులు రిక్కించిన మనిషి ఆయన. ఏడుసార్లు పిలుపు వస్తే తలుపు తీయలేదు.

"నాకు తెలుసు" అంది టైలరమ్మ.

ఈసారి ఆమె గొంతు గుసగుసగా వచ్చింది. ముగ్గురూ దగ్గరికి వంగవలసి వచ్చింది.

"తీగ మీద బట్టలు ఆరేసేది నేనేగా. గురువారాలు మిషను వేయనని నాకు తెలీదా? ఉతకని బట్టలు ఎక్కడ ఆరేస్తాను?"

"మరి నువ్వెందుకు..." మాస్టారికి మాట పూర్తి కాలేదు.

"ఎందుకు తీయలేదనా? నేను తీస్తే వాడు నాకోసం వచ్చినట్టు. లోపలికొచ్చి, నీళ్ళు తాగి, మీరు కుర్చీలోంచి లేచేలోపే దొంగలా వెళ్ళిపోయేవాడు. మీరు తీస్తే ఇంటికొచ్చినట్టు." ఆమె ఎడమచేత్తో కళ్ళు తుడుచుకుంది. "అందుకే ప్రతిసారీ మిమ్మల్ని అడిగాను, ఏమిటండీ అది అని. నాకు తెలియక అడిగానా? ఏడుసార్లు అడిగాను. ఏడుసార్లూ మిషనే అన్నారు. తర్వాత గురువారాలు దీపం వెలగడమే మానేసింది, మొన్న గురువారం కూడా. ఇంక మీకోసం చూడకూడదు, ఈసారి ఎప్పుడు వెలిగినా నేనే తీస్తాను అనుకున్నాను. శనివారం వెలిగింది."

పెద్దమ్మాయి నేల మీద కూలబడి తల్లి ఒళ్ళో తల పెట్టుకుంది. కట్టు కట్టిన చెయ్యి ఆ తల నిమరాలని కదిలి, నొప్పికి ఆగింది. ఎడమచెయ్యి వచ్చింది దాని బదులు.

మాస్టారు నిలబడే ఉన్నారు. క్షమించమనడానికి మాట దొరకలేదు. దొరికినా ఆమె పెదవులే చదవగలదు. ఆయన పెదవులు వణుకుతున్నాయి, చదవడానికి అందులో అక్షరాల్లేవు.

ఆమే అంది, "ఒరే నిచ్చెనా, మిషనుకి ఇంకేదైనా పెట్టు. ఆ రెండూ వాడివి."

నిచ్చెన మళ్ళీ పీట మీద కూర్చున్నాడు. ఉతకడం అయిపోతే పెరటి తలుపు మీద బల్బు ఒక్కటే వెలిగి అలాగే ఉండేలా, మూత తీస్తేనే ఆరేలా అమర్చాడు. ఒక తువ్వాలు వేసి చిన్న తిప్పు తిప్పి చూపించాడు. పెరటి బల్బు వెలిగింది. ఆమె మూత తీసింది. ఆరింది.

"ఇప్పుడు ఆ రెండు మిణుకులు వస్తే" అన్నాడు అతను, "వాడే. ఇంకేదీ అయ్యే వీల్లేదు."

"రేపు గురువారం" అంది పెద్దమ్మాయి, ఎవరి వైపూ చూడకుండా.

ఐదు వారాలుగా గురువారాలు వస్తూనే ఉన్నాయి.

నిచ్చెన సంచి సర్దుకుంటుంటే టైలరమ్మ మొగుడికి సైగ చేసింది. "కింద అరలో, నీలం గళ్ళ గుడ్డ మూట. తీసుకురండి."

మూటలో రెండు చొక్కాలున్నాయి. ఒకే తానులోవి. ఈ ఇంటికి తీగలు లాగినప్పుడు నాలుగు రోజులు పనిచేసి నిచ్చెన కూలి పుచ్చుకోలేదు. "చొక్కా కుట్టిపెట్టు పిన్నీ, చాలు" అన్నాడు. నాకూ అదే గుడ్డ కావాలని చిన్నోడు పేచీ పెట్టాడు. రెండూ కుట్టింది. బొత్తాలు మిగిలాయి. ఈలోగా ఇంట్లో ఆ గొడవ.

"రెండూ కలిపి ఇద్దామని ఆపాను" అంది ఆమె. "ఒకడు లేడని ఇంకొకడి బాకీ ఎగ్గొట్టినట్టయింది. మూడేళ్ళు."

"ఇప్పుడు చెయ్యి బాలేదు కదా పిన్నీ..."

"ఆయన చెయ్యి బానే ఉందిగా."

మాస్టారు సూదిలో దారం ఎక్కించారు. పుస్తకాల కుట్లు కుట్టీ కుట్టీ అరిగిన వేళ్ళు. మొదటి బొత్తం బిగించి లాగగానే గుడ్డ ముడుచుకుపోయింది.

"అది పుస్తకం కాదండీ, చొక్కా. అంత బిగిస్తే మనిషికి ఊపిరాడదు. కాస్త వదులివ్వండి."

ఆయన ముడి విప్పి, వదులిచ్చి, మళ్ళీ కుట్టారు. ఆరు బొత్తాలకి గంట పట్టింది. పెద్దమ్మాయి ల్యాబుకి ఫోన్ చేసి మిగతా సగం పూట కూడా సెలవు చెప్పింది. మాస్టారు రెండో చొక్కా అందుకోబోతే టైలరమ్మ దాని మీద చెయ్యి పెట్టింది.

"అది ఇవాళ కాదు" అంది.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. దారం కొరికి, మొదటి చొక్కా మడత పెట్టి ఆమెకిచ్చారు. ఆమె ఎడమచేత్తో దాన్ని నిచ్చెనకి అందించింది.

"ఎడమచేత్తో ఇస్తున్నాను, ఏమీ అనుకోకు."

అతను అక్కడే వేసుకున్నాడు, ఉన్న చొక్కా మీదే. భుజాలు సరిపోయాయి. చేతులు మణికట్టుకి కాస్త పైనే ఆగాయి. ఆమె కఫ్ పట్టుకుని లాగి చూసి, "నువ్వింకా పెరుగుతున్నావట్రా?" అంది. అతను నవ్వాడు, మొహం ఆమెకి కనబడేలా. కళ్ళు మాత్రం నవ్వలేదు.

గుమ్మం దగ్గర ఎవరూ చెప్పకుండానే తల వంచాడు. మాస్టారు గడియ తీసి, తలుపు బార్లా తెరిచి పట్టుకున్నారు. మూడేళ్ళు అరలో ఉన్న నీలం గళ్ళ చొక్కా మెట్లు దిగి గేటు దాటింది. అది మలుపు తిరిగేదాకా ఆయన తలుపు వెయ్యలేదు.